కొమ్ము కోసం కొట్టుకున్న వీధి

ఇప్పటికీ తెనాలిలో రైలు దిగితే నేను తల ఎత్తను. ఎత్తితే ఆ మేడ కనిపిస్తుంది. దాని నెత్తిమీద శిఖరంలా నిలబెట్టిన కొమ్ము కనిపిస్తుంది. కనిపించగానే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట ఎవరి మీదో తేల్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. కట్టించిన మనిషి మీద కొంత, ఆ వీధి మీద కొంత, మిగతాదంతా నా మీద. మిగతాదే ఎక్కువ.

మొన్నామధ్య కూడా స్టేషను బయట కాఫీ హోటల్లో ఇద్దరు పెద్దమనుషులు ఆ కొమ్ము గురించే వాదించుకుంటున్నారు.

"ఇంకో పదడుగులు ఉంచి ఉంటే మద్రాసు వాళ్లు వచ్చి చూసేవాళ్లండి," అన్నాడు ఒకాయన.

"ఉంచితే కూలి మీ నెత్తినే పడేది. మా వీధివాళ్లం పట్టుబట్టి తగ్గించాం కాబట్టి బతికారు," అన్నాడు రెండో ఆయన.

కాఫీ సగంలో వదిలేసి లేచాను. ఆ పదడుగులు కట్టడానికి గీసినవి కావని వాళ్లకు తెలియదు. గీసింది నేను. తగ్గించడానికే గీశాను.

మా సొంత ఊరు రేపల్లె. హైస్కూలు చదువు కోసం నాన్న నన్ను తెనాలిలో మా మేనత్త దగ్గర పెట్టాడు. అత్తయ్యకు చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. బజారు వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు, దాని ముందు విశాలమైన వాకిలి. ఆ వాకిలే ఆవిడకు పొలం. బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి అమ్మేది. చలి తగ్గిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా ఆ వాకిట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నా ఫీజులు, నా చొక్కాలు, నా డ్రాఫ్ట్స్‌మన్ చదువు అన్నీ ఆ చాపల మీదే ఎండాయి.

కాయలు కొలకలూరు నుంచి బండిలో వచ్చేవి. సాయంత్రం ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి, దానిమీద బరువైన రాయి పెట్టేది. తెల్లవారేసరికి నీరంతా కారిపోయేది. మినప్పిండి రుబ్బి, అందులో ఆ ముక్కలు కలిపి, సూర్యుడు రాకముందే చాపల మీద తడిగుడ్డలు పరిచి వడియాలు పెట్టేసేది. "తొలి ఎండ పడాలిరా," అనేది. "తొలి ఎండలో పైన పొర కడితే ఇక దిగుల్లేదు. పొర కట్టకపోతే మధ్యాహ్నం నిప్పులు కురిసినా లోపల ముక్క కుళ్లుతుంది."

గుమ్మడికాయని ఆడవాళ్లు మొదట కొయ్యకూడదని మా వైపు ఆనవాయితీ. మొదటి గాటు మగవాడు పెట్టాలి. ఆ తరవాత ఎవరైనా తరగొచ్చు. నేను రాకముందు అత్తయ్య ఆ గాటు కోసం కత్తి పట్టుకుని సందు మొదట నిలబడేదట. పాలవాడు దొరికితే పాలవాడు, పోస్టుమేను దొరికితే పోస్టుమేను. "ఉత్తరం లేకపోయినా ఫరవాలేదు, గాటు పెట్టి పో నాయనా," అనేదట. నేను వచ్చిన రోజు సాయంత్రమే నా చేతిలో కత్తి పెట్టింది. "ఇక ఎవర్నీ దేవుళ్లాడక్కర్లేదు. ఇంట్లోనే మగాడున్నాడు," అంది. కత్తి సగం దిగి ఇరుక్కుపోయింది. ఆవిడ నవ్వుతూ నా చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ సంవత్సరం నుంచీ ఆ ఇంట్లో ప్రతి కాయకీ మొదటి గాటు నాదే. వేయించిన మొదటి వడియం కూడా నాదే.

అరవైల చివర్లో చదువు ముగించుకుని బజారులో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర పనికి కుదిరాను. వీధంతా ఆయన్ని మిల్లుగారు అనేది. మిల్లుగారు బొంబాయి వెళ్లొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ తెనాలిలో ఏదీ ఆయన కంటికి ఆనలేదు. మా సందుకి తూర్పున ఆయనకో పాత గిడ్డంగి ఉండేది. రేకుల కప్పు, మనిషెత్తుకి కాస్త పైన. దాన్ని పడగొట్టి ఐదంతస్తుల మేడ కట్టాలన్నాడు. కింద కొట్లు, పైన లాడ్జి, అన్నిటికన్నా పైన కొమ్ము.

ఐదంతస్తులంటే ఇవాళ నవ్వుతారు. మాకప్పుడు రెండో అంతస్తున్న ఇల్లే మేడ. పత్రికల్లో ఎక్కడో చదివిన ఆకాశహర్మ్యం అనే మాటని మిల్లుగారు నోటినిండా అనేవాడు. "రేపల్లె రైలు ఊళ్లోకి తిరిగేసరికి పెట్టెలో కూర్చున్నవాడు అది ఎవరిదని అడగాలోయ్. గియ్యి," అన్నాడు.

గీశాను. కాగితం మీద ముందుగా ఉత్తరం ఎటో గుర్తు పెట్టుకుని గీసే పని నాది. తూర్పున అంత గోడ లేస్తే పడమట సందులో ఏ ఇంటికి పొద్దున ఎండ పోతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందులో మొదటి ఇల్లు మా అత్తయ్యది. ఆ సంగతి మొదటి రోజే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు నేనే మిగుల్చుకోలేదు. ఆ రాత్రి అత్తయ్య వడ్డించిన అన్నం తిని, మిల్లుగారు నన్నెంత మెచ్చుకున్నాడో ఆవిడకే చెప్పాను.

మిల్లుగారికి ఒక భయం ఉండేది. సందులోవాళ్లు ఎత్తు గురించి అడ్డం తిరిగితే ఎలా? కోర్టుకి పోతే ఏళ్లు పడుతుంది. ఆ పాత గిడ్డంగి గోడకి ఆనుకుని ఆయన దిగులుపడుతుంటే, ఉపాయం చెప్పింది నేను.

"చీరల కొట్లో ఏం చేస్తారండీ? అమ్మదలచిన ధరకి పైన ఇంత చెప్తారు. బేరమాడినావిడ తగ్గించుకున్నానని సంతోషంగా పోతుంది. మనం కొమ్ముని కావలసినదానికంటే ఎత్తుగా చూపిద్దాం. దానిమీద కలశం కూడా పెడదాం. వాళ్లు కొమ్ము మీద పడి కొట్టుకుంటారు. ఆఖర్న తగ్గిద్దాం. మేడ జోలికి ఎవరూ రారు."

మిల్లుగారు నా వీపు మీద చరిచాడు. "చదువుకున్నోడివనిపించావోయ్!" ఆ చరుపు నాకు వారం రోజులు తియ్యగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెయ్యి విరిచెయ్యాలనిపిస్తుంది. కానీ అది చరిచిన వీపు నాదే కదా.

వడ్రంగి చేత చెక్కతో మేడ నమూనా చేయించి మిల్లు అరుగు మీద పెట్టాం. కొమ్ముకి బంగారు రంగు వేయించాం. ఇక చూడండి. ఊరు ఊరంతా కదిలింది. నేను అనుకున్నట్టే ఒక్కడు కూడా ఆ కొమ్ము కింద ఏముందో చూడలేదు.

"రాజు వేషానికి కిరీటం లేకపోతే ఎట్లాగండీ? ఉండాల్సిందే," అన్నాడు నాటకాలకు హార్మోనియం వాయించే ఆయన.

"ఇది కిరీటం కాదు, పెళ్లికొడుకు తలపాగాలో కోడి ఈక," అన్నాడు లెక్కల మాష్టారు. "పెద్ద పట్నాల్లో కొత్త మేడలకి నెత్తి చదునుగా ఉంటుందండి. మనకే ఈ బుడిపెలు."

"గాలిగోపురం కంటే ఎత్తు లేవడం ఊరికి అరిష్టం," అన్నాడు గుడి పెద్ద.

బజారులో దర్జీ కొట్టు నడిపే సాయిబుగారు కళ్లజోడు తుడుచుకుని నమూనా చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "మా మినారుని, మీ గోపురాన్ని, చర్చి గంట గూడుని ఒకే రోట్లో వేసి రుబ్బి పోసినట్టుందండి. ముగ్గురు దేవుళ్లూ వస్తే కూర్చునేది ఎవరో ముందే తేల్చండి బాబాయ్, తరవాత తన్నుకోకుండా," అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

అప్పుడు పంచాంగం చెప్పే సిద్ధాంతి గారు నీడ సంగతి ఎత్తాడు. కలశం పెడితే అది గుడి శిఖరం కింద లెక్క, శిఖరం నీడ కాపురముండే ఇంటి మీద పడకూడదు. కలశం తీసేస్తే ఉత్త శూలం, శూలం నీడ ఇంకా చెడ్డది.

"అయితే ఏం చెయ్యమంటారు? కొమ్ముకి గొడుగు పట్టమంటారా?" అన్నాడు మాష్టారు.

నవ్వులాటగా మొదలైనది పంతాలదాకా పోయింది. సందులోవాళ్లు రెండుగా చీలారు. కొమ్ము ఉండాలన్న ఇంటికి కొమ్ము వద్దన్నవాళ్లు మజ్జిగ తోడు కూడా ఇవ్వడం మానేశారు. పేరంటాలకి పిలుపులు ఆగాయి. అన్నదమ్ములిద్దరు మధ్య గోడ ఎత్తించుకున్నారు. అది చూసి నాకు సిగ్గెయ్యలేదు, సరదా వేసింది. సాయంత్రం కాగానే మిల్లుగారి దగ్గరికెళ్లి ఎవరు ఎవర్ని ఏమన్నారో వినిపించేవాణ్ని.

అత్తయ్య ఒక్కతే ఆ గొడవలో లేదు. ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది. "ఆ చెక్కబొమ్మ చూసొచ్చానురా. కొమ్ముకేంలే, ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఆ గోడ నిజంగా అంత ఎత్తు లేస్తుందా?"

"లేస్తుంది."

"లేస్తే నా వాకిలి?"

"చూద్దాంలే అత్తయ్యా," అన్నాను. మజ్జిగ పోయించుకుని, తిని లేచిపోయాను.

చివరికి మిల్లు ముందు పందిరి వేసి పంచాయితీ పెట్టారు. వచ్చినవాళ్లందరికీ నిమ్మకాయ మజ్జిగ. నేను పెద్ద కాగితం గోడకి కొట్టి, కొమ్ము నీడ ఏ ఇంటి మీదుగా ఎలా పోతుందో గీసి చూపించాను. పొద్దునపూట ఒక్కో ఇంటి మీద తాంబూలం నమిలేంతసేపు కూడా ఉండదని చెప్పాను. అది నిజమే. దాని పక్కనే మేడ నీడ గియ్యాల్సిన చోట కాగితం తెల్లగా వదిలేశాను. ఆ తెల్లటి చోటు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

అరగంట అరుపులయ్యాక మిల్లుగారు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "నా గుండె కోసి ఇచ్చినట్టుంది. అయినా ఇరుగుపొరుగు మాట కాదని నేను కట్టుకుపోయేదేముంది? కలశం తీసేస్తాను. పదడుగులు తగ్గిస్తాను." చప్పట్లు. సిద్ధాంతి గారు ఆశీర్వదించాడు. అన్నదమ్ములిద్దరూ కావలించుకున్నారు. గుడి పెద్ద "గెలిచాం," అన్నాడు. ఎవరి మీద గెలిచారో అడిగే నాథుడు లేడు.

అప్పుడు పందిరి చివర నుంచి అత్తయ్య లేచింది. "అయ్యా, కొమ్ము సంగతి తేలిందిగా. కింద మేడ సంగతేంటి?"

"మేడకేమైందక్కయ్యగారూ? శుభ్రంగా ఉంది," అన్నాడు గుడి పెద్ద.

"దాని వెనక నా వాకిలుంది. వడియాలెక్కడ పెట్టుకోను?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సాయిబుగారు మాత్రం "అక్కయ్య అడిగేది వినండయ్యా, మజ్జిగ తరవాత తాగొచ్చు," అన్నాడు. ఎవరూ వినలేదు. అత్తయ్య వాళ్లని వదిలేసి నావైపు తిరిగింది.

"ఒరే, గీసింది నువ్వేగా. నువ్వు చెప్పు. నా వాకిట్లో పొద్దునెండ ఉంటుందా, ఉండదా?"

మిల్లుగారు నన్ను చూస్తున్నాడు. ఊరు నన్ను చూస్తోంది. ఉండదు అని ఒక్క మాట అనుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ అయ్యుండేది కాదేమో కూడా. కానీ ఆ మాట ఆవిడకి బాకీ. నేను నవ్వాను.

"ఎండకేం కరువత్తయ్యా! తెనాలిలో ఎండ చాలక ఎవరైనా చచ్చారా?"

పందిరంతా పగలబడి నవ్వింది. మిల్లుగారు కళ్లనీళ్లు తుడుచుకున్నాడు, ఈసారి నిజంగానే. అత్తయ్య చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

అనాల్సింది ఇంటికెళ్లాక అంది. అన్నం గిన్నె నా ముందు ఠంగున పెట్టి, ఇరుగుపొరుగు వినేలాగే అంది. "నా వాకిట్లో ఎండ తిని పెరిగావురా నువ్వు! పందిట్లో పదిమంది నవ్వితే కడుపు నిండిందా? నిండకపోతే ఇదిగో తిను!"

నేనూ అరిచాను. ఊరు పెరుగుతుంటే వడియాల కోసం ఆగమంటావా అన్నాను. నలుగురూ నన్ను మెచ్చుకుంటుంటే నీకు కళ్లు కుట్టాయన్నాను. తప్పు చేసినవాడికి వచ్చే కోపమంత పెద్ద కోపం ఇంకోటి లేదు. అన్నం మాత్రం వదలకుండా తిన్నాను.

మేడ లేచింది. మొదటి అంతస్తుకి నీడ ప్రహరీ దాటి లోపలికి వచ్చింది. రెండో అంతస్తుకి సగం వాకిలి కప్పింది. పైన స్లాబు పని నా చేతుల్లో ఉండేది కాబట్టి పొద్దున్నే ఎక్కేవాణ్ని. అక్కణ్నుంచి కిందకి చూస్తే అత్తయ్య కనిపించేది. తెల్లవారుజామున పెట్టిన వడియాల చాపల్ని ఎండ ఎక్కడ పడితే అక్కడికి లాక్కుంటూ తిరిగేది. ఎండ జరిగితే చాప జరిగేది. తడి వడియాలు లాగితే జారి ఒకదానికొకటి అంటుకునేవి. వంగి వాటిని వేలితో విడదీసేది. మేడ పూర్తయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తేగానీ వాకిట్లో ఎండ పడేది కాదు. మూడింటికల్లా పడమటి ఇంటి చింతచెట్టు నీడ వచ్చేసేది. పొర కట్టేది కాదు. లోపల ముక్క కుళ్లేది. చీమలు పట్టేవి.

అత్తయ్య ఒక్కసారి కూడా పైకి చూడలేదు. నేను అక్కడున్నానని ఆవిడకి తెలుసు.

బాపట్లలో స్టేషను దగ్గర భోజన హోటలు ఒకటి ఏటేటా ఆవిడ వడియాలే తెప్పించుకునేది. డబ్బాలు నేనే రైల్లో తీసుకెళ్లి ఇచ్చొచ్చేవాణ్ని. ఆ వేసవిలో హోటలాయన నా ముందే డబ్బా మూత తీసి వాసన చూశాడు. గుప్పెడు తీసి నూనెలో వేయించి ఒకటి కొరికి ఊసేశాడు.

"ఏంటబ్బాయ్ ఇది? ముక్క కంపు కొడుతోంది. మీ అత్తయ్యగారికి ఒంట్లో బాగోలేదా?"

ఎంతో మర్యాదగా అడిగాడాయన. ఆవిడ చెయ్యి తప్పు చెయ్యదని ఆయనకి నమ్మకం. నేనేమన్నాను? "వయసు మీద పడిందండి," అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! మేడ అనలేదు, నీడ అనలేదు. ఆ చేతుల మీదికే నెట్టేశాను.

డబ్బాలు వెనక్కి మోసుకొచ్చాను. అత్తయ్య మూత తీయలేదు. "ఏమన్నాడు?" అని అడిగింది. నేను చెప్పలేదు. తరవాత బాపట్ల నుంచి వచ్చిన ఎవరో "ఇంక విశ్రాంతి తీసుకోండమ్మా, వయసైపోతోందని మీ అబ్బాయే చెప్పాడటగా," అని ఓదార్చారట. ఆ సంగతి నాకు సాయిబుగారు చెప్పాడు. చెప్పి, "నీకో చొక్కా కుట్టనా నాయనా, వెన్నెముక ఉన్నవాళ్లకి కుట్టేలాంటిది?" అన్నాడు. ఆయన మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆర్నెల్లు ఆ కొట్టు ముందు నుంచి నడవలేదు.

ఒక్క మంచి పని చెయ్యబోయాను. మేడ పైకప్పు ఖాళీగా ఉంది, ఊళ్లో అంత ఎండ ఇంకెక్కడా పడదు, పొద్దునపూట అత్తయ్యని అక్కడ వడియాలు పెట్టుకోనివ్వండి అని మిల్లుగారిని అడిగాను.

"బాగానే ఉందోయ్! అంత ఖర్చు పెట్టి కొమ్ము నిలబెట్టింది దానికింద గుమ్మడి ముక్కలు ఆరేసుకోవడానికా? కింద నుంచి చూసేవాళ్లకి చాపలు కనపడవూ?" అన్నాడు. పైకప్పు తలుపు తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాడు. నేను చేతులు కట్టుకుని "అవునండి," అన్నాను. అవునండి! ఆ రోజు ఆ మనిషి మొహాన కాగితాలు విసిరికొట్టి రావాల్సింది. జీతం రోజు దగ్గర్లో ఉంది. రాలేదు.

గృహప్రవేశానికి మేళం పెట్టారు. గుమ్మం ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఇంతలో జనం రెండు పక్కలకీ జరిగారు. అత్తయ్య వస్తోంది. చంకలో బిడ్డని ఎత్తుకున్నట్టు ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ. బూడిద ఇంకా చెరగలేదు, కొయ్యని కాయ. తిన్నగా వచ్చి దాన్ని గుమ్మంలో దించింది.

"ఇదిగోనయ్యా. నీ మేడకి దిష్టికాయ. నాకిక దీంతో పనిలేదు."

అంతకంటే విడమరిచి ఎవరు చెప్పగలరు? చంటిపిల్లకైనా అర్థమవుతుంది. కానీ కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టడం శుభం. శుభకార్యం రోజున పెద్ద ముత్తైదువలు కూడా తేని కాయ ఆవిడ మోసుకొచ్చింది. ఇంకేముంది, మిల్లుగారు రెండు చేతులూ జోడించాడు.

"చూశారా అక్కయ్యగారి మనసు! మనసులో ఏదీ ఉంచుకోలేదు మహాతల్లి!"

"పెద్దరికం అంటే అదండీ," అన్నాడు గుడి పెద్ద. మేళగాళ్లు ఊపందుకున్నారు. ఫొటో తీసేవాణ్ని పిలిచారు. అప్పటికి అత్తయ్య సందు మలుపు తిరిగిపోయింది. ఆ జనంలో ఆవిడ ఏమందో అర్థమైనవాళ్లం ఇద్దరమే. సాయిబుగారు తల దించుకున్నాడు. రెండోవాణ్ని నేను.

"నీ చేత్తోనే కట్టవోయ్, మీ అత్తయ్యగారి కాయ," అన్నాడు మిల్లుగారు. నిచ్చెన తెచ్చారు. ఎక్కి కట్టాను. నా చేత్తో మొదటి గాటు పెట్టాల్సిన కాయని నా చేత్తోనే తాడేసి వేలాడదీశాను. నెలల తరబడి దానికింద నుంచే పనికి వెళ్లొచ్చాను. వానాకాలంలో అది కుళ్లి బొట్టు బొట్టుగా కారితే, దిష్టంతా లాగేసిందని సంతోషించారు.

అత్తయ్య రేపల్లె వెళ్లిపోయింది, మా నాన్న దగ్గరికి. చాపలు చుట్టగా కట్టి, రుబ్బుపొత్రం చీరలో మూటగట్టి రైలెక్కింది. స్టేషనుకి వచ్చాను. మూట అందుకోబోతే ఇవ్వలేదు. ఆ పెంకుటిల్లు మిల్లుగారే తీసుకున్నాడు, బియ్యం బస్తాలు వేసుకోవడానికి. బస్తాలకి ఎండతో పనిలేదు. వీధివాళ్లు మాత్రం వేసవి వచ్చినప్పుడల్లా "అక్కయ్యగారి వడియాలు లేక పప్పు రుచించట్లేదండీ," అని నాతో అనేవాళ్లు. కొమ్ము తగ్గించి గెలిచినవాళ్లు! ఆ మాట అన్న ప్రతివాడి మీదా పడి రక్కాలనిపించేది.

నేను మిల్లుగారి దగ్గరే ఉండిపోయాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇంకా మేడలు గీశాను. ఏది గీసినా తూర్పున ఎవరున్నారో, పడమట ఎవరున్నారో చూసేవాణ్ని. ఒకటి రెండు సార్లు గోడ కాస్త జరపమని చెప్పి చూశాను. "స్థలం నీ అత్తగారిచ్చిందా?" అన్నారు. మళ్లీ చెప్పలేదు. చూసి, తెలిసి, గీశాను.

రేపల్లె వెళ్లినప్పుడల్లా అత్తయ్య నాకు అన్నం పెట్టేది. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, గడ్డపెరుగు. ఏదీ తక్కువ చేసేది కాదు. వడియం మాత్రం వేసేది కాదు. పళ్లెంలో అందరికీ పడేది, నాకు పడేది కాదు. నేను అడగలేదు, మా నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

అక్కడ ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఎండ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరిచి ఉండేది. పక్క దొడ్డి ఎండుచేపలు అమ్మేవాళ్లది. ఆ ఇంటావిడ తన తడికల మీద చేపలు ఆరేసేది, అత్తయ్య తన చాపల మీద వడియాలు. గాలి ఎటు కొడితే అటు పోట్లాట. "అత్తో, నీ వడియాలకి నా చేప వాసన అంటిందని ఊళ్లో చెప్తన్నావంట?" "అంటితేనేమే, రెట్టింపు ధరకి అమ్ముతా!" ఆ గొడవలోనే ఇద్దరికీ స్నేహం. ఆవిడ పెనిమిటి పడవ మీద వేటకెళ్లేవాడు. ఒడ్డున ఉన్న రోజుల్లో గుమ్మడికాయలకి మొదటి గాటు అతనిది.

డెబ్భైల నడుమ ఒక మాఘమాసంలో వెళ్లాను. సాయంత్రం వెనక అరుగు మీద అత్తయ్య పీట వేసుకుని కూర్చుంది. ముందు కాయ, పక్కన కత్తి. పడవవాడు ఇంకా రాలేదు. చీకటి పడేలోపు తరిగి మూటకట్టకపోతే రేపటి ఎండ వృథా. చేపలావిడ దడి మీద నుంచి తొంగి చూసి, "ఈపాటికి రావాలత్తా. గాలి తిరగబడినట్టుంది," అంది.

నేను చెయ్యి చాపాను. "నేనున్నాగా అత్తయ్యా. ఇలా ఇవ్వు."

అత్తయ్య నా చేతిని చూసింది. వేళ్ల కొనలకి పెన్సిలు మసి, అది నాకు ఎప్పుడూ పోదు. తరవాత కత్తి తీసుకుంది. నాకు ఇవ్వలేదు. తనే కాయని మోకాళ్ల మధ్య బిగించి పట్టి, కత్తి మొన దానిమీద పెట్టింది.

"అయ్యయ్యో అత్తా! ఆడదానివి, మొదటి గాటు..." అని అరిచింది చేపలావిడ.

"మగాడి చెయ్యి పడాలన్నారు. పడిందిగా, చూశాంగా," అంది అత్తయ్య. "నాకు వయసు మీద పడిందని బాపట్లలో చెప్పొచ్చాడు వీడు. సత్తువ ఉందో లేదో నేనూ చూసుకోవద్దూ?"

రెండు చేతులతో నొక్కింది. కాయ పగిలిన చప్పుడు దొడ్డంతా వినిపించింది. రెండు చెక్కలూ అటూ ఇటూ దొర్లాయి. ఆవిడ చేతులు వణకలేదు. క్షమించమని అనడానికి నోరు తెరిచాను. ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"నోరు తెరుచుకుని కూర్చోడానికి వచ్చావా?" అంటూ అత్తయ్య ఒక చెక్కని కాలితో నా వైపు తోసింది. "పొద్దుగూకుతోంది. గింజలు తియ్యి."

గింజలు తీశాను. తీసి ఇచ్చాక అత్తయ్య ఆ చెక్కని వెలుగుకి తిప్పి చూసి, గరిటె తీసుకుని మళ్లీ ఒకసారి తనే గీకింది.